పాత రోడ్డు మ్యాపు మీద వీరాస్వామయ్య దారి గీయడం ఎలా?

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీకి పోయాడు. ఆ దారిని పాత మ్యాపు మీద గీసుకోవాలని సరదాపడేవాళ్లు చాలామందే ఉన్నారు. మంచిదే. కానీ దాదాపు అందరూ ఒకే చోట తప్పులో కాలేస్తున్నారు.

కావలసినవి: ఆ యాత్ర గురించి ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర ప్రతి, ట్రేసింగ్ పేపర్, పెన్సిలు, స్కేలు, కుట్టుదారం. పెన్ను దగ్గర పెట్టుకోనే వద్దు. మ్యాపుకు లామినేషన్ చేయించినవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. మడతలకు సెల్లోటేపు కూడా వద్దు, పసుపు మరక పడుతుంది.

ముందు మ్యాపు వయసు తేల్చండి. బళ్లారి మద్రాసు రాష్ట్రంలో ఉంటే 1953 అక్టోబరుకు ముందుది. కర్నూలు రాజధానిగా ఉంటే 1953-56 నాటిది, దొరికితే వదలకండి. మార్కాపురం, గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంటే 1970కి ముందుది. అంతకన్నా కొత్తది ఈ పనికి తీసుకోవద్దు. తర్వాత శ్రీశైలం జలాశయం వచ్చి కృష్ణ ఒడ్డు ఊళ్లు ఎన్నో మునిగిపోయాయి.

ట్రేసింగ్ పేపర్ పరిచి ఒంటిమిట్ట, కడప, దువ్వూరు, అహోబిలం, ఆత్మకూరు మజిలీలకు చుక్కలు పెట్టండి. ఇంతవరకు చిన్నపిల్లలు కూడా చేస్తారు.

ఆత్మకూరు దగ్గర చేయి ఆపండి. అందరూ ఇక్కడినుంచి దోర్నాల మీదుగా బస్సు దారి గీసేస్తారు. ఆయన బోయీలు పల్లకీ మోసింది ఆ దారిన కాదు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా పోయే అడవి బాట అది. శివరాత్రికి, ఉగాదికి భక్తులు ఇప్పటికీ నడిచేది ఆ బాటలోనే. భీముని కొలను దగ్గర రాతిమెట్లు లోయలోకి దిగి, అవతల మళ్లీ పైకెక్కుతాయి. అక్కడ స్కేలు పెట్టి తిన్నగా గీత లాగితే చూడటానికి బాగుంటుంది, అంతే.

చిక్కేమిటంటే ఈ పేర్లు రోడ్డు మ్యాపుల్లో చాలావరకు ఉండవు. సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లలో వెతకాలి. అవి అంగుళానికి మైలు లెక్కన ఉంటాయి, మీ మ్యాపు స్కేలు వేరు. కాబట్టి గీతను ఉన్నదున్నట్టు ఎక్కించకండి. షీటు మీద దారాన్ని వంపుల వెంట పరిచి, దాని పొడవును మైళ్లలోకి మార్చి, దాన్ని మళ్లీ మీ మ్యాపు స్కేలుకు కుదించండి. తర్వాత దిక్కు చూసుకుని చుక్క పెట్టండి. ఒక్కో చుక్కను రెండుసార్లు సరిచూడండి. ఒకటి పక్కకు జరిగితే వెనకాలవన్నీ పక్కకు జరుగుతాయి. ఖాయంగా తెలియని చోట చుక్కల గీతే గీయాలి, నిండు గీత వేయడం అబద్ధం.

ఫోనులో ఐదు నిమిషాల పని కదా అంటారు. ఫోను కారు పోయే దారి చూపిస్తుంది. పల్లకీ సంగతి దానికేం తెలుసు?

గీత పూర్తయ్యాక మ్యాపును మళ్లీ మడవకండి. చుట్టి అట్టగొట్టంలో పెట్టండి. బట్టల కొట్లో అడిగితే ఊరికే ఇస్తారు.