ఇంటి డ్యూటీకి ఒంటరిగా వెళ్లే ముందు

జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా పూర్తికాగానే హైదరాబాద్‌లో చాలామంది అమ్మాయిలు హోమ్‌కేర్ ఏజెన్సీల్లో చేరుతున్నారు. మధ్యాహ్నం ఫోన్ వస్తుంది, సాయంత్రానికి లొకేషన్ పంపుతారు, రాత్రికల్లా డ్యూటీ. పేషెంటుకు ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం గొంతు దగ్గర రంధ్రం చేసి పెట్టిన ట్యూబు) ఉందన్న సంగతి తీరా వెళ్లాకే తెలుస్తుంది. వార్డులో కేకేస్తే ఇంకో సిస్టర్ వస్తుంది. ఇంట్లో తెల్లారేదాకా మీరొక్కరే.

అందుకే ఒప్పుకునే ముందే అడగండమ్మా. ట్రాక్ (ట్రాకియాస్టమీ) ఉందా, రైల్స్ ట్యూబా (ముక్కులోంచి కడుపులోకి వేసే ఆహారపు గొట్టం), ఆక్సిజనా, బైపాపా (మాస్కుతో ఊపిరికి సాయపడే మిషన్)? ఇంతకుముందు చేసిన సిస్టర్ హ్యాండోవర్ ఇస్తుందా? డిశ్చార్జ్ సమ్మరీ ఫొటో తెప్పించుకుని చదవండి.

అన్నింటికన్నా భయపడాల్సింది ట్రాక్ కేసుకే. కఫం అడ్డుపడితే ఆలోచించుకునే వ్యవధి ఉండదు. పేషెంటుకు వేసిన సైజు ట్యూబే ఇంకొకటి, ఒక సైజు చిన్నది ఒకటి, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ మంచం పక్కనే ఉన్నాయో లేదో వెళ్లగానే చూడండి. కఫం లాగే సక్షన్ మిషన్ ఆన్ చేసి చూడండి. కరెంటు పోతే ఏం వాడాలో అడగండి. కాలితో తొక్కే సక్షన్ ఉంటే మంచిది. క్యాథెటర్ (కఫం లాగే సన్న గొట్టం) లోపలికి పంపేటప్పుడు సక్షన్ ఇవ్వకూడదు, బయటికి తీస్తూనే ఇవ్వాలి. అదీ 10 నుంచి 15 సెకన్లు దాటకూడదు. ఈ పని అనుభవమున్నవాళ్ల ఎదుట మీ చేత్తో చేసి ఉండకపోతే ఆ కేసు తీసుకోవద్దు. వీడియో చూసి వచ్చే విద్య కాదిది.

ఇన్సులిన్ చిన్న పనిలా కనిపిస్తుంది. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి, కొన్నింట్లో 100. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 10 యూనిట్ల గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 25 యూనిట్లు. పెద్దాయన నిద్రలోనే షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు. అప్పుడు నోట్లో చక్కెర నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె కలిశాకే మందు లాగండి.

రైల్స్ ట్యూబుతో ఫీడ్ ఇచ్చేటప్పుడు తలవైపు ఎత్తి ఉంచండి, అయ్యాక కూడా కనీసం అరగంట అలాగే ఉంచండి. ముక్కు దగ్గర ట్యూబు మీది గుర్తు జరిగినా, దగ్గు వచ్చినా ఫీడ్ ఆపండి. పడుకునే ఉండే పేషెంటును రెండు గంటలకోసారి పక్క మార్చాలి.

108కి చెప్పాల్సిన అడ్రసు, ఫ్లాట్ నంబరు, గుర్తు చెప్పదగ్గ గుడో బడో కాగితం మీద రాసి గోడకు అంటించండి. కంగారులో కొత్త ఇంటి అడ్రసు నోటికి రాదు.

"వెళ్లమ్మా, చూస్తూ చూస్తూ నేర్చుకుంటావు" అని ఏజెన్సీ వాళ్లు అంటారు. పేషెంటు ప్రాణం మీద నేర్చుకోవడమేంటి? "ఈ కేసుకు నాకు ట్రైనింగ్ లేదు. పాత సిస్టర్‌తో కలిసి ముందు కొన్ని షిఫ్టులు చేస్తాను, తర్వాతే ఒంటరిగా వెళ్తాను" అని వాట్సాప్‌లో రాసి పెట్టండి. ఫోన్‌లో అన్న మాటకు రేపు సాక్ష్యం ఉండదు.