కొత్త బ్లేడుకూ పళ్ళు రాలుతున్నాయా? పాత కోతలో చూడండి

బెంగళూరు పీన్యా పారిశ్రామికవాడలో ఏ షెడ్డుకెళ్ళినా బ్యాండ్‌సా (పట్టీలా తిరిగే బ్లేడుతో లోహం కోసే మెషిన్) మీద వినపడేవి రెండే ఫిర్యాదులు: కట్టింగ్ వంకర పోతోంది, పళ్ళు రాలిపోతున్నాయి. రెంటికీ ముందు బ్లేడునే తిడతారు. దయచేసి బ్లేడ్ విప్పకముందు వైర్ బ్రష్ చూడండి. బ్రష్ తీగలు పళ్ళ సందుల్లోకి దిగాలి. అరిగిపోయి గాల్లో తిరుగుతుంటే రజను పళ్ళకే అంటుకుని మళ్ళీ కోతలోకి పోతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఇదొక్కటి మాత్రం ఎవరూ చూడరు.

సమస్య: కట్టింగ్ వంకర

50 మి.మీ. రాడ్డు కోస్తూ బ్లేడును నిటారుగా పట్టి ఉంచే గైడును 200 మి.మీ. దగ్గరే వదిలేస్తే బ్లేడ్ పక్కకు వాలుతుంది. గైడును జాబ్‌కు (కోసే ముక్కకు) ఆనుకునేంత దగ్గరికి జరపండి, బ్లేడ్ టెన్షన్ (బిగువు) చూడండి. రెండూ సరిగ్గా ఉన్నా ఎప్పుడూ ఎడమకే లాగుతుంటే కుడివైపు పళ్ళు మొద్దుబారినట్టు. ఆ బ్లేడ్ మార్చాల్సిందే.

సమస్య: పళ్ళు రాలడం

2 మి.మీ. గోడ ఉన్న ట్యూబును 3/4 బ్లేడుతో (అంగుళానికి 3-4 పళ్ళు) కోస్తే పన్ను అంచుకు తగులుకుని ఊడుతుంది. దానికి 10/14 వేయండి. 100 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రాడ్డుకు 3/4 చాలు.

బ్లేడ్ సరైనదే, బ్రష్ బాగుంది, కూలెంట్ పడుతోంది, అయినా కొత్త బ్లేడ్ పళ్ళు పోయాయా? "అన్నా, డూప్లికేట్ బ్లేడ్ అంటగట్టారు" అని ఫోన్లు వస్తాయి. నేనడిగేది ఒకటే: కొత్త బ్లేడును పాత కోతలోనే దించారా?

బైమెటల్ బ్లేడ్ పన్ను మొన హైస్పీడ్ స్టీలు, మీరు కోసే ఎంఎస్ కన్నా చాలా గట్టిది. పాత బ్లేడ్ పన్ను విరిగితే ఆ మొన కోత అడుగున దిగబడి ఉండిపోతుంది. కొత్త బ్లేడ్ దిగగానే దానికి కొట్టుకుంటుంది. ఒక పన్ను పోతే దాని వెనక పన్ను మీద రెట్టింపు భారం పడి అదీ పోతుంది, అలా వరసగా లేచిపోతాయి. పైగా అరిగిన బ్లేడ్ కోసిన సందు ఇరుకు. కొత్త బ్లేడ్ సెట్ (పళ్ళు పక్కలకు వంగిన తీరు) వెడల్పు, అందులో పట్టేస్తుంది. షిఫ్ట్ మారేచోట ఇది ఎక్కువ. రాత్రివాళ్ళు బ్లేడ్ మార్చి, సగం తెగిన జాబ్ వదిలి వెళ్తారు. పొద్దున వచ్చినవాళ్ళు స్విచ్ వేసేస్తారు.

మెయిన్ ఆపి, సందులోకి టార్చ్ కొట్టండి. పాత హ్యాక్‌సా బ్లేడ్ ముక్క పెట్టి నిదానంగా లాగితే మొన ఉన్నచోట టక్కున తగులుకుంటుంది. తగులుకోకపోయినా ఆ కోతను నమ్మకండి. జాబ్‌ను 5 మి.మీ. జరిపి కొత్తగా మొదలుపెట్టండి. జరిపేంత మెటీరియల్ లేకపోతే 180 డిగ్రీలు తిప్పి అవతలివైపు నుంచి కోసి, పాత కోత ఇంకా 2-3 మి.మీ. ఉందనగా ఆపి, విరిచేయండి. తర్వాత ఫేసింగ్‌లో (కోసిన ముఖాన్ని చదును చేసేటప్పుడు) సర్దుకుంటుంది. బ్లేడ్ మార్చినవాళ్ళు జాబ్ మీద చాక్‌పీసుతో గీత పెడితే తర్వాతి షిఫ్టుకు తెలుస్తుంది.

కొత్త బ్లేడుకు మొదట్లో ఫీడ్ (బ్లేడ్ జాబ్‌లోకి దిగే వేగం) సగానికి తగ్గించండి, బ్లేడ్ తిరిగే స్పీడ్ తగ్గించకండి. ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) మీద మాత్రం ఆ మొదటి కోతలు వద్దు. ఫీడ్ తగ్గితే పళ్ళు రుద్దుకుని ఎస్ఎస్ ఇంకా గట్టిపడుతుంది. ముందు ఎంఎస్ మీద తిప్పండి.

వెల్డ్ జాయింట్, వీల్ బేరింగ్ లోపాలు అరుదు. ఇవన్నీ చూశాక కూడా పళ్ళు పోతుంటే అప్పుడు మెకానిక్‌ను పిలవండి.