విదేశంలో పిల్లల దగ్గరికి వెళ్తున్నారా? సూట్‌కేస్ సర్దే ముందు జాగ్రత్తలు

- ముందు ఆ ఊరి అక్షాంశం, అంటే భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో చూడండి. హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. భూమధ్యరేఖకు దూరం పెరిగేకొద్దీ ఎండాకాలానికీ చలికాలానికీ తేడా పెరుగుతుంది.

- సింగపూర్ దాదాపు 1 డిగ్రీ దగ్గరే. ఏడాదంతా ఉక్కపోతే, ఏ నెలలోనైనా వాన. గొడుగు చాలు, స్వెటర్లు దండగ.

- మెల్‌బోర్న్ దక్షిణార్ధగోళం. అక్కడ జూన్‌లో చలికాలం, సంక్రాంతికి మండు వేసవి. మన క్యాలెండర్ చూసి బట్టలు సర్దకండి.

- స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ 59 డిగ్రీలు. డిసెంబరులో పగలు సుమారు 6 గంటలే, మధ్యాహ్నం మూడింటికే పొద్దుగూకుతుంది. జూన్‌లో రాత్రి పదింటికీ వెలుగే! పడుకునేటప్పుడు కళ్లకు కట్టుకునే పట్టీ పెట్టుకోండి. బీపీ, షుగర్ మాత్రలు గడియారం చూసి వేసుకోవాలి, ఆకాశం చూసి కాదు. పెద్దవాళ్లకు ఇక్కడే తికమక.

- అలాగని అక్షాంశాన్నే నమ్ముకోవద్దు. లండన్ కెనడాలోని విన్నిపెగ్ కన్నా కాస్త ఉత్తరాన ఉన్నా, అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చటి గాలుల పుణ్యమా అని చలి తక్కువ. విన్నిపెగ్ మాత్రం సముద్రానికి దూరం. జనవరి రాత్రుల్లో మైనస్ 20 మామూలే. మన మంకీ క్యాప్ అక్కడ ఆనదు. మందపాటి కోటు, మంచు బూట్లు అక్కడే కొనిపించుకోండి.