క్లచ్ జారే పాత చిన్న ట్రాక్టరు: బండి విప్పే ముందు చూడవలసినవి

బరువు పడగానే ఇంజను శబ్దం పెరిగి, బండి మాత్రం ముందుకు సాగక, కాలిన వాసన వస్తూ ఉంటే క్లచ్ జారుతున్నట్లే. అనంతపురం చుట్టుపక్కల చీనీ తోటల్లో గుంటక లాగే పాత చిన్న ట్రాక్టర్లు నా దగ్గరకు ఎక్కువగా ఈ ఫిర్యాదుతోనే వస్తాయి. వాటిలో చాలావాటికి స్పానరు కన్నా ముందు స్కేలు కావాలి. పెడలును చేత్తో నొక్కుతూ, గట్టిదనం తగిలేవరకు ఎంత కదులుతుందో కొలవండి. చిన్న ట్రాక్టర్లలో ఈ ఖాళీ సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దానినే పాటించాలి. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ ఖాళీ తగ్గుతుంది. అది పూర్తిగా పోయిన తరువాత పెడలు తోసే రిలీజ్ బేరింగు, క్లచ్‌ను విడదీసే ఫింగర్లను ఎప్పుడూ నొక్కుతూనే ఉండి క్లచ్‌ను పట్టనివ్వదు. పెడలును క్లచ్‌కు కలిపే లింకు రాడ్డు తిప్పి సరిచేస్తే పోయే ఈ దోషానికి బండిని రెండు ముక్కలుగా విప్పించి డబ్బు పోగొట్టుకునేవారిని చూసి చూసి విసిగిపోయాను.

ఖాళీ సరిగా ఉండి, ప్లేటు కొత్తదైనా జారుతూ ఉంటే, ప్లేటుకు నూనె అంటుతోందని అనుమానించాలి. క్లచ్ హౌసింగు అడుగున ఒక చిన్న రంధ్రం, చాలా బండ్లలో అందులో వదులుగా వేలాడే స్ప్లిట్ పిన్ను ఉంటాయి. లోపల నూనె కారితే అక్కడ చుక్క కనిపించాలి. కానీ ఎర్రమన్ను, పాత గ్రీజు కలిసి ఆ రంధ్రాన్ని పూడ్చివేస్తాయి. కర్నూలు వైపు కె.సి. కాలువ కింద దమ్ము చేసివచ్చిన బండ్లలోనైతే, బురద పోకుండా బిగించిన ప్లగ్గును తీయడమే మరచిపోతారు. కనుక చుక్క పడలేదని లీకు లేదనుకోకుండా, రంధ్రాన్ని తీగతో పొడిచి చూడాలి. కారిన నూనె నల్లగా ఉంటే ఇంజను వెనుక సీలు (నూనెను ఆపే రబ్బరు రింగు), గేరుబాక్సు డిప్ స్టిక్ మీది రంగులోనే ఉంటే క్లచ్ నుంచి గేరుబాక్సులోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్టు సీలు పోయినట్లు.

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. ఒక బండికి ప్లేటు మార్చాను. పంట కాలం ముగియకముందే మళ్లీ జారింది. రెండోసారి విప్పి ప్లేటుతో పాటు ఇన్‌పుట్ షాఫ్టు సీలు కూడా మార్చాను. అదీ కొన్ని వారాలే నిలిచింది. సీలు నాసిరకమని తిట్టుకుంటూ మూడోసారి విప్పబోతుండగా, పొలం నుంచి అప్పుడే వచ్చి వేడి మీద ఉన్న గేరుబాక్సు పైన, లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ ఉండవలసిన చోట ఒక బోల్టు కనిపించింది. దానిని అర చుట్టు వదులు చేయగానే ట్యూబులో గాలి పోయినట్లు బుస్సుమన్నది. బ్రీదర్ ఎప్పుడో విరిగిపోతే, వేరుశనగ నూర్పిళ్ల దుమ్ము లోపల పడకూడదని డ్రైవరు ఆ బోల్టు బిగించాడట. పాపం, అతని ఉద్దేశం మంచిదే.

పని చేసేటప్పుడు గేరుబాక్సు వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. పైకి దారి లేకపోతే ఆ ఒత్తిడి సీలు పెదవి కింద నుంచి నూనెను క్లచ్ వైపు తోస్తుంది. సీలు నిన్న వేసినదైనా అంతే. బోల్టు లేకపోయినా, పొట్టు, దుమ్ము పేరుకుపోయిన బ్రీదర్ కూడా ఇదే పని చేస్తుంది. గంటసేపు పని చేయించి, ఇంజను ఆపి, నూనె పోసే మూతను గుడ్డతో పట్టుకొని నెమ్మదిగా వదులు చేయండి. గాలి తన్నుకువస్తే బ్రీదర్ మూసుకుపోయినట్లే. దానిని తీసి డీజిల్‌లో నానబెట్టి, గాలి కొట్టి బిగించాలి. కొన్ని బండ్లలో బ్రీదర్ ఆ మూతలోనే ఉంటుంది. నూనె గుర్తుకు మించి పోసినా సీలు కారవచ్చు.

ఇక విప్పక తప్పనప్పుడు, ముందరి యాక్సిలు ఊగకుండా రెండు వైపులా ఏటవాలు చెక్క ముక్కలు దిగ్గొట్టి, రెండు భాగాలకూ విడివిడిగా స్టాండ్లు పెట్టాలి. నూనె తాగిన ప్లేటును పెట్రోలుతో కడిగి వేస్తే వేడికి లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది కాబట్టి, దానిని మార్చవలసిందే. షాఫ్టు మీద సీలు ఆనే చోట గోరుతో గీరి చూడండి. గాడి తగిలితే కొత్త సీలు కూడా నిలవదు, అక్కడ స్లీవు (పలుచని ఇనుప తొడుగు) వేయించాలి. షాఫ్టు పళ్లకు టేపు చుట్టి సీలు ఎక్కిస్తే పెదవి చిరగదు.

నిలిపి ఉన్న బండిలో గేరు గరగరమంటూ పడితే పెడలు ఖాళీ ఎక్కువై క్లచ్ పూర్తిగా విడవనట్లు. నెలల తరబడి నిలిపిన బండిలో ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీలుకు అతుక్కుని ఉండవచ్చు: ఇంజను ఆపి, గేరులో వేసి, పెడలును కిందికి కట్టి, బండిని ముందుకూ వెనక్కూ ఊపితే తరచుగా విడిపోతుంది. గేర్ల వేగాలను కలిపే సింక్రోమెష్ లేని పాత గేరుబాక్సులో కదులుతుండగా గేరు మార్చి గరగరమంటోందంటే ఆ తప్పు బండిది కాదు. గేరు దానంతటదే న్యూట్రల్‌కు వస్తుంటే పై మూత తీసి, లివరు కింది గోళీ, స్ప్రింగు చూడాలి. విరిగిన పళ్లు, పోయిన బేరింగులు అరుదు. దించిన నూనెలో ఇనుప ముక్కలు కనిపించనంతవరకు వాటి జోలికి పోనక్కరలేదు.