బీన్స్‌కు తుప్పు తెగులు: నిరోధక శక్తి పెంచే మందు కొట్టినా ఆగకపోతే

సమస్య: మొక్కలో రోగ నిరోధక శక్తి పెంచే మందులను పిచికారీ చేసినప్పటికీ బీన్స్ ఆకులపై తుప్పు మచ్చలు పెరుగుతూనే ఉన్నాయి.

ఈ మాట చెప్పే రైతులలో చాలామంది ఆకును తిప్పి చూసి ఉండరు. తుప్పు పొక్కులు సాధారణంగా ముందు ఆకు అడుగు భాగాన, లేత పసుపు చుక్కలుగా మొదలై, ఉబ్బి, పగిలి, ఇటుక రంగు పొడిని బయటికి వదులుతాయి. ఆ పొక్కులను తెల్లటి గుడ్డతో రుద్దితే గుడ్డకు ఆ రంగు అంటాలి. రంగు అంటకుండా, ఆకు రాగి రంగుకు తిరిగి, అడుగున సన్నని గూడు కనిపిస్తే అది ఎర్రనల్లి. గోధుమ రంగు మచ్చ చుట్టూ పసుపు వలయం ఉండి పొడి లేకపోతే బాక్టీరియా ఎండు తెగులు అని అనుమానించాలి. ఈ రెండింటిపైనా తుప్పు మందు కొట్టి డబ్బు పోగొట్టుకున్నవారు మా వైపు తక్కువేమీ కాదు.

గుడ్డకు రంగు అంటిందనుకుందాం. తరువాత చూడవలసినది మందు సీసాను కాదు, ఆకు ఎంతసేపు తడిగా ఉంటున్నదో.

అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే కాబట్టి, తేమను కోరే తెగులు ఇక్కడ నిలవదని అందరూ అనుకుంటారు. నేను కూడా పలుమార్లు ఏమారిన చోటు ఇదే. కళ్యాణదుర్గం వైపు బోరు బావుల కింద యాసంగి వేరుశనగకు స్ప్రింక్లర్లు పెడతారు, దాని పక్క మడిలో బీన్స్ ఉంటుంది. తుప్పు మొదట గట్టు పక్క సాళ్లలో కనిపిస్తుంది. వేరుశనగకూ తుప్పు తెగులు ఉంటుంది కాబట్టి అదే ఇటు పాకిందని రైతు తేల్చేస్తాడు. అది పొరపాటు. వేరుశనగ తుప్పును కలిగించే శిలీంధ్రం వేరు, బీన్స్ తుప్పును కలిగించే శిలీంధ్రం వేరు. ఒకటి రెండో పంటను పట్టదు. గట్టు దాటి వచ్చేది తెగులు కాదు, నీటి తుంపర.

గాలిలో కొట్టుకొచ్చిన తుప్పు సిద్ధబీజం, అంటే ఆ ఇటుక రంగు పొడిలోని ఒక రేణువు, ఆకుపై నీటి పొరలో మొలకెత్తి, పత్రరంధ్రం గుండా లోపలికి దిగడానికి ఇంచుమించు పది గంటలు తెగని తడి, 17 నుంచి 27 డిగ్రీల ఉష్ణోగ్రత కావాలి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మన రాత్రులు సరిగ్గా ఆ వేడిమిలోనే ఉంటాయి. మంచు ఒక్కటే ఆకును అంతసేపు తడిగా ఉంచడం అరుదు. కానీ సాయంత్రం ఆరు గంటలకు స్ప్రింక్లర్ నీళ్లు పడి, ఆ తడి ఆరకముందే మంచు మొదలైతే, మరునాడు ఎండ ఎక్కేవరకు ఆకు ఆరదు. అలాంటి రాత్రులు వరుసగా రెండు మూడు గడిస్తే, మొక్కకు ఎంత నిరోధక శక్తి నేర్పినా ఆ బరువును మోయలేదు.

పరీక్ష సులభమే. తెల్లవారుజామున గట్టు పక్క సాలులోనూ, మడి మధ్య సాలులోనూ ఆకులను చేత్తో తడిమి, ఏది ఎన్ని గంటలకు ఆరిందో గమనించండి. మధ్య సాలు ఆరిన తరువాత కూడా గట్టు సాలు తడిగానే ఉంటే కారణం దొరికినట్టే. అప్పుడు పక్క రైతుతో మాట్లాడి, గట్టు వెంబడి ఉన్న స్ప్రింక్లర్ గొట్టాన్ని లోపలికి జరిపించాలి, లేదా సగం వలయం మాత్రమే తిరిగే నాజిల్ పెట్టించాలి. సొంత బీన్స్‌కే స్ప్రింక్లర్ వాడుతుంటే, మంచు ఆరిన తరువాత మొదలుపెట్టి మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఆపాలి. డ్రిప్ ఉన్నవారికి ఈ బెడద తక్కువ.

తడి సంగతి చక్కబడ్డాకే నిరోధక శక్తి మాట అర్థవంతమవుతుంది. సూడోమోనాస్ (మేలు చేసే బాక్టీరియా), కైటోసాన్ (రొయ్య పెంకుల నుంచి తీసే పదార్థం) వంటి నిరోధక శక్తి మందులు శిలీంధ్రాన్ని నేరుగా చంపుతాయని నమ్మి వాడకూడదు. ముఖ్యంగా అవి మొక్కను మేల్కొలుపుతాయి, ఆ మేల్కొలుపుకు కొన్ని రోజులు పడుతుంది. తెగులు సోకిన తరువాత పొక్కు పగలడానికి పది పన్నెండు రోజులు పట్టవచ్చు కాబట్టి, పచ్చగా కనిపించే ఆకులో కూడా శిలీంధ్రం ముందే దిగి ఉండవచ్చు. అందువల్ల మచ్చ చూసి కొట్టే మందు ఇది కాదు. కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ పట్టించి విత్తడం, లేత ఆకులు వచ్చే దశలోనే మొదటి పిచికారీ చేయడం సరైన పద్ధతి. దానిని కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రనాశక మందుతో ఒకే ట్యాంకులో కలిపితే ఆ బాక్టీరియా చచ్చిపోతుంది. దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు.

యూరియా ఎక్కువ వేసిన చేలో మెత్తటి లేత ఆకు గుబురుగా పెరుగుతుంది. తుప్పుకు ఇష్టమైనది ఆ లేత ఆకే, పైగా గుబురులో తడి త్వరగా ఆరదు. పొటాష్‌ను ఎగ్గొట్టి యూరియాతోనే సరిపెట్టడం మానాలి.

తుప్పు మాటిమాటికీ వచ్చే భూముల్లో, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క అనూప్ వంటి తట్టుకునే రకం వేయడం అన్నింటికన్నా చవకైన ఉపాయం. నిరోధక శక్తి గల మొక్క ఆకుపై గుండుసూది మొనంత గోధుమ చుక్కలు కనిపించి, పొడి రాకుండా అక్కడే ఎండిపోతే, తెగులు సోకిన చోటి కణాలను మొక్క తానే చంపి దారి మూసిందని అర్థం. వాటిని చూసి భయపడి మందు కొట్టనవసరం లేదు.

నిరోధక రకాన్ని కూడా పట్టే కొత్త తెగ శిలీంధ్రంలో పుట్టడం, నకిలీ విత్తనం వంటివి కూడా కారణాలు కావచ్చు. పైవన్నీ చూశాకే వాటి గురించి ఆలోచించాలి. విత్తనం ద్వారా ఈ తెగులు రాదు, కానీ పాత తీగలలోనూ, వాటితో పాటు మళ్లీ వాడే ఊత కర్రలపైనా నిలిచి ఉంటుంది కాబట్టి తీగలను చేలో వదలకుండా తీసి తగలబెట్టాలి.

పొక్కులు ఇప్పటికే పగిలి పొడి రాలుతుంటే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, ఆకు అడుగు భాగం తడిసేలా చల్లటి వేళ కొట్టాలి. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం ఆకును మాడుస్తుంది, వేప నూనె కొట్టిన వెంటనే వాడినా అంతే.