రిషికేశ్ రాఫ్టింగ్: తెడ్డు పట్టేముందే తెలియాల్సినవి

గంగలో రాఫ్టింగ్ ఎంత కష్టమో ఎక్కడ పడవ ఎక్కుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. రిషికేశ్‌కి బ్రహ్మపురి నుంచి సుమారు 9 కిలోమీటర్లు, శివపురి నుంచి 16, మెరైన్ డ్రైవ్ నుంచి 24, కౌడియాలా నుంచి 36. కౌడియాలా దారిలో వచ్చే 'ది వాల్' రాపిడ్‌కి (రాపిడ్ అంటే నీళ్లు ఉధృతంగా ఉరికే చోటు) పడవలు తిరగేస్తుందని పేరు. మొదటిసారైతే శివపురి చాలు, ఈత రాకపోతే మరీను. జులై, ఆగస్టుల్లో వరద వల్ల రాఫ్టింగ్ ఆపేస్తారు. అప్పుడు కూడా తీసుకెళ్తామనేవాళ్ల జోలికి పోవద్దు.

జీన్స్, చీర, చున్నీ వద్దు. త్వరగా ఆరే నైలాన్ బట్టలు, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. హవాయి చెప్పులు మొదటి అలకే కొట్టుకుపోతాయి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే బట్టల లోపలికి దోపుకోండి.

లైఫ్ జాకెట్ పట్టీలన్నీ బిగించాక పక్కవాళ్లని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే. అలాగే నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది, మీరు దాని కిందే ఉంటారు. ఫొటోలో బాగుండాలని పట్టీ వదులు చేసుకునేవాళ్లకి కొదవ లేదు!

తెడ్డు పైకొసన టీ ఆకారంలో పిడి ఉంటుంది. ఒక చెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉండాలి. వదిలేస్తే అది తగిలేది పక్కవాళ్ల పళ్లకే. రాపిడ్‌లో భయంతో తెడ్డు వెయ్యడం ఆపొద్దు. నీళ్లలో దిగిన తెడ్డే మీకు ఆసరా. గైడ్ 'గెట్ డౌన్' అంటే మాత్రం వెంటనే పడవ లోపలికి దిగి తాడు పట్టుకోండి. హిందీ రాకపోతే బయల్దేరేముందే గైడ్‌కి చెప్పండి.

పడిపోతే ముందు చల్లదనానికి ఊపిరి ఎగదన్నుకొస్తుంది. ఎండాకాలంలోనూ అది మంచు కరిగిన నీరే. కంగారు పడకుండా వెల్లకిలా తేలండి, పాదాలు ప్రవాహం వెళ్లే వైపు, కాలి వేళ్లు నీటి పైకి కనబడాలి. రాయి వస్తే కాళ్లతో తన్ని తప్పుకోవచ్చు. మోకాలి లోతే కదా అని నిలబడకండి: పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే వెనక నుంచి ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. పడవ కింద ఇరుక్కుంటే అరచేతులు పైన ఆనించి, ఒకే దిక్కుకి జరుపుకుంటూ బయటపడండి.

మిమ్మల్ని లాగడానికి సంచిలో పెట్టిన తాడు విసిరితే తాడునే పట్టుకోండి, సంచిని కాదు. చేతికి మాత్రం చుట్టుకోవద్దు. భుజం మీదుగా వేసుకుని ఒడ్డుకి వీపు పెట్టి వెల్లకిలా తేలితే లాగడం తేలిక.

పడినవాళ్లని పైకి లాగేటప్పుడు చేతులు కాదు, జాకెట్ భుజం పట్టీలు పట్టుకోవాలి. మోకాళ్లు పడవ అంచుకి ఆనించి మీరు వెనక్కి పడిపోతే వాళ్లు వాటంగా లోపలికి వచ్చేస్తారు.

చివర్లో నీళ్లు నెమ్మదించాక దూకమంటారు. అది మీ ఇష్టం. దూకితే పడవ చుట్టూ ఉన్న తాడు వదలకండి. వణుకు మొదలైతే వెంటనే పైకి రండి, ఒడ్డున పొడి బట్టలు సిద్ధంగా పెట్టుకోండి.