బలాల బొమ్మలు – 4వ పాఠం: పెట్టెను నెట్టాలా, లాగాలా?

ముందుగా పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క సంగతి చూద్దాం. గచ్చు మీద 50 కిలోల ట్రంకు పెట్టె ఉంది. స్థైతిక ఘర్షణ గుణకం (వస్తువు కదలకముందు ఘర్షణ హద్దు నొక్కుడులో ఎన్నో వంతో చెప్పే సంఖ్య) 0.5. అడ్డంగా 100 న్యూటన్ల బలంతో నెట్టినా కదలలేదు. ఘర్షణ ఎంత?

250 అని రాసినవారు బొమ్మ గీయకుండా సూత్రం వైపు పరుగెత్తారన్నమాట. 250 (గుణకం 0.5 × బరువు 500 న్యూటన్లు) అనేది ఘర్షణ చేరుకోగల హద్దు మాత్రమే. పెట్టె కదలలేదంటే అడ్డంగా ఉన్న రెండు బాణాలూ సమానం. మనం 100తో నెడితే నేల కూడా 100తోనే ఎదురు నిలుస్తుంది. నిజంగానే 250తో ఎదురు తిరిగి ఉంటే పెట్టె మన మీదికే వచ్చేది!

ఈ రోజూ అదే పెట్టె, అదే గచ్చు. దానిని కదిలించడానికి రెండు దారులున్నాయి. పిడికి తాడు కట్టి, నేలకు 30 డిగ్రీల ఎత్తున ముందుకు లాగవచ్చు. లేదా వెనక నిలబడి, వంగి, అదే 30 డిగ్రీల వాలులో కిందికి నెట్టవచ్చు. ఏది తేలికో పెన్సిలు పట్టకముందే ఊహించి ఒక మూల రాసుకోండి.

ఇక స్వేచ్ఛా వస్తు పటం, అంటే ఒక్క వస్తువునే విడిగా తీసి దాని మీద పనిచేసే బలాలను బాణాలుగా చూపే బొమ్మ. పెట్టెను ఒక చుక్కగా పెట్టండి. నేలను గీయకండి, తాడు పట్టుకున్న మనిషిని అసలే గీయకండి. పెట్టెను ఏవేవి తాకుతున్నాయో చూడండి: నేల, తాడు. తాకకుండా లాగేది భూమి ఒక్కటే. దాని బాణం నిట్టనిలువుగా కిందికి, 500 న్యూటన్లు (గురుత్వ త్వరణం 10 అనుకుందాం). తాడు బాణం ఏటవాలుగా పైకి. దీనిని ‘త’ అందాం. నేల నుంచి మాత్రం రెండు బాణాలు వస్తాయి: పైకి అభిలంబ బలం ‘అ’ (నేల తనకు లంబంగా పెట్టెను పైకి నెట్టే బలం), వెనక్కి ఘర్షణ. పెట్టె నేలను నొక్కే బలాన్ని కూడా ఇక్కడే గీసేవారు చాలామంది. అది నేల బొమ్మలోది, దీనిలోకి రానివ్వకండి.

‘త’ను రెండుగా విడదీస్తే అడ్డంగా 0.866 త, పైకి 0.5 త. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పైకి ఉన్న బాణాలు ఇప్పుడు రెండు. అంటే పెట్టె బరువులో కొంత తాడే మోస్తోంది.

అ = 500 − 0.5 త

అభిలంబ బలమంటే బరువే అని బట్టీపట్టినవారు జారిపడేది సరిగ్గా ఈ చోటే. ఘర్షణ హద్దు నొక్కుడుకు అనులోమానుపాతంలో ఉంటుందని ఫ్రెంచి శాస్త్రవేత్త అమాంటన్స్ 1699లోనే చెప్పాడు. నొక్కుడు తగ్గితే హద్దూ తగ్గుతుంది. పెట్టె కదలబోయే క్షణంలో,

0.866 త = 0.5 × (500 − 0.5 త)

దీని నుంచి త సుమారు 224 న్యూటన్లు.

నెట్టేటప్పుడు బొమ్మలో ఒక్క బాణమే మారుతుంది. మన చేతి బలం ‘చ’ కిందికి వాలి ఉంటుంది కనుక దాని నిలువు అంశ బరువుకు తోడవుతుంది: అ = 500 + 0.5 చ. మిగతాదంతా అదే లెక్క. చ సుమారు 406 వస్తుంది. తేడా 182 న్యూటన్లు, అంటే దాదాపు 18 కిలోల బరువంత. పెట్టెను కదిలించబోయి మనమే దానిని నేలకు అదిమిపెడుతున్నాం!

అలాగైతే తాడును ఇంకా నిటారుగా పట్టుకుంటే మరింత తేలికవుతుందా? 60 డిగ్రీలతో లెక్క కట్టి చూడండి. 268 వస్తుంది, తాడును అడ్డంగా పట్టి లాగితే సరిపోయే 250 కంటే కూడా ఎక్కువ. నొక్కుడు తగ్గిన మాట నిజమే కానీ, ముందుకు లాగే వాటా అంతకన్నా ఎక్కువగా పోయింది. ఈ పెట్టెకు అన్నిటికన్నా అనువైన కోణం సుమారు 27 డిగ్రీలు. అది ఎలా వచ్చిందో వాలుతలం పాఠంలో చూద్దాం.

వచ్చే పాఠానికి లెక్క: 200 గ్రాముల డస్టరును గోడకు అదిమిపట్టారు. అరచేతి బలం గోడకు లంబంగా 20 న్యూటన్లు. గోడకూ డస్టరుకూ మధ్య స్థైతిక ఘర్షణ గుణకం 0.4. అరచేతి వైపు ఘర్షణను వదిలేయండి. డస్టరు జారడం లేదు. గోడ దాని మీద చూపే ఘర్షణ ఎంత, ఎటు వైపు? ముందు బొమ్మ గీయండి. జవాబు 8 అని వస్తే, ఈ పాఠం మొదటి నుంచి మళ్లీ చదవండి.